గడుగ్గాయికి నచ్చిన అయిదు ఆటలు

ఆ ఇంట్లో తెల్లారగానే వినబడే మొదటి చప్పుడు కుట్టుమిషనుది. రెండోది డ్రైవరు గారి సణుగుడు. ఆ రోజు మాత్రం రెండూ ఒకేసారి మొదలయ్యాయి.

"ఈ స్టూలు ఇక్కడెవరు పెట్టారు?"

ఇల్లాలు మిషను తొక్కడం ఆపలేదు. పక్క వీధి టీచరమ్మ జాకెట్టు పదింటికల్లా ఇవ్వాలి, ఇంకా ఒక చెయ్యే పూర్తయింది.

"ఎవరు పెడతారు, నేనే. దారం ఉండ బీరువా కిందకి దొర్లితే దీన్ని జరిపి వంగి తీశాను. తగిలిందా?"

"తగలక! మోకాలు చిప్ప లేచిపోయింది. ఎన్నిసార్లు చెప్పాలే, ఈ ఇంట్లో వస్తువు జాగా మారకూడదని?"

"ఏనుగు పిల్లంత స్టూలు. నట్టింట్లో ఉంది. కళ్ళెక్కడ పెట్టుకుని..." అనబోయి ఆవిడ నాలుక కరుచుకుంది.

ఆరు నెలలుగా ఆ ఇంట్లో కళ్ళతో మొదలయ్యే మాటలన్నీ మానేశారు. కళ్ళు నెత్తికెక్కాయన్న తిట్టు లేదు, గుడ్డికన్నా మెల్ల నయమన్న సామెత లేదు. పక్కగదిలో ఇరవై నాలుగేళ్ళ కూతురికి చూపు కొడిగడుతూ ఉంటే, ఆ మాటలు ఏ తల్లి నోట వస్తాయి? తీరా మానేశాక గానీ తెలియలేదు, రోజుకి ఎన్నిసార్లు అంటామో.

స్టూలు తీసి గోడవార పెట్టి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆయన షేవింగు అద్దంలోకి చూస్తూ ఉన్నాడు.

"నీళ్ళడిగితే వినపడదా?"

"ఇస్తూనే ఉన్నానుగా!"

ఆయన మెడ పూర్తిగా ఇటు తిప్పి, గ్లాసుని చూసి, అప్పుడు అందుకున్నాడు. పాపం, మనసు మనసులో లేదు మనిషికి, అనుకుంది ఇల్లాలు. పదకొండింటికి డిపోలో విచారణ ఉంది మరి.

పంతొమ్మిది రోజుల కిందటి సంగతి. ఆసుపత్రిలో ఊడ్చే ఒకావిడ, డ్యూటీ దిగి ఇంటికి పోతూ, స్టాపులో ఆగిన బస్సుకి ముందునుంచి రోడ్డు దాటబోయింది. ఎడమ పక్కనుంచి. కండక్టరు ఈల వేశాడు, డ్రైవరు గారు బండి కదిలించారు. తుంటి ఎముక రెండు ముక్కలైంది. మళ్ళీ నడుస్తుందో లేదో చెప్పలేమన్నారు. ఆవిడని చూసుకోకుండా ఈల వేసినందుకు కండక్టరుని పనిలోంచి పక్కన పెట్టారు. కుర్రవాడేం కాదు, పెళ్ళాం పిల్లలున్నవాడు, పదేళ్ళుగా డ్రైవరు గారి బండి మీదే చేస్తున్నవాడు. "నేను చూశాను సార్, ఆవిడ అప్పటికి ముందుకి రాలేదు, ఈల తర్వాత వచ్చింది, డ్రైవరుకి కనబడాల్సింది" అని వాడు మొత్తుకున్నాడు. డ్రైవరు గారు మాత్రం "నా ముందు ఎవరూ లేరు" అన్నారు. ఆ మాటే ఇవాళ కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. ఇరవై ఎనిమిదేళ్ళలో బండి మీద గీత పడని మనిషి మాటకి విలువ ఎక్కువ. కండక్టరు ఉద్యోగం ఊడినట్టే.

"మీరు చూసింది చూసినట్టు చెప్పండి, అంతే. మనమేం అబద్ధమాడుతున్నామా?" అంది ఇల్లాలు ధైర్యం చెబుతున్నట్టు.

"అబద్ధమెందుకాడతాను? నా ముందు ఎవరూ లేరు," అన్నాడాయన అద్దంతో.

*

కూతురి గదిలో మంచం, బల్ల, బల్ల మీద పెద్ద తెర, దాని పక్కన ఆటల పెట్టె. చిన్నప్పుడు చేసిన అల్లరికి తండ్రే గడుగ్గాయి అని పేరు పెట్టాడు, ఇప్పుడు అల్లరి పోయినా పేరు పోలేదు. మొన్నటిదాకా ఒక బట్టల షాపులో బిల్లులు కొట్టేది. అంకెలు అలుక్కుపోవడం మొదలయ్యాక మానేసింది. ఇప్పుడు తిన్నగా ఎదురుగా చూస్తే రూపాయి బిళ్ళంత వెలుగు, అదీ మసకగా. మిగతాదంతా చీకటి.

ఆ పిల్లకి ఒక్కటే పట్టుదల. ఆటలాడేవాళ్ళంతా కలిసి నడుపుకునే సైటు ఒకటుంది. అందులో తనకి నచ్చిన అయిదు ఆటల గురించి రాయాలి, ఆ తెర ఎలా ఉండేదో గుర్తున్నప్పుడే రాయాలి. ఫోనుకి చెప్పి రాయించుకుందామంటే అది 'దెయ్యం' అంటే 'ధ్యేయం' అని రాసి ఊరుకుంటోంది. అందుకని కొలతల పుస్తకం చివరి పేజీల్లో తల్లి రాసి పెడుతోంది. ఒకవైపు టీచరమ్మ నడుము కొలత, ఇంకోవైపు ఉత్తరాలు పంచే ఆట మీద అభిప్రాయం.

"ఎక్కడున్నాం?" అంది గడుగ్గాయి, మంచం మీద కాళ్ళు మడుచుకుని.

"రెండైపోయాయి. చదవనా? 'ఒకటి, ఉత్తరాలు పంచే ఆట. ఇందులో ఎవరూ చావరు. ఉత్తరం ఆలస్యమైతే ఒక ముసలాయన తలుపు దగ్గర నిలబడి ఎదురు చూస్తాడు, అంతే శిక్ష. కత్తులూ తుపాకులూ ఉన్న ఆటల్లో కూడా నాకంత భయం వెయ్యలేదు.' ఇది బాగుందే."

"బాగుంది అనకమ్మా. బాగుందన్న మాట కూరకి చెప్పాలి, ఆటకి కాదు."

"అబ్బో! రెండోది పడవ ఆట. 'మొదటి భాగం ఆడినవాళ్ళు రెండోది ఆడకండి. బొమ్మలు పెరిగాయి, బుద్ధి తగ్గింది.' మరీ అంత మాట అంటే చేసినవాళ్ళు బాధపడరూ?"

"డబ్బులు పెట్టి కొన్నాక నేను బాధపడలేదూ? మూడోది రాయి. గుహ ఆట."

ఇల్లాలు పెన్ను మూత తీసింది. గడుగ్గాయి తల గోడకానించి, ఎదురుగా ఏదో ఉన్నట్టు చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

"చేతిలో ఒక్క లాంతరు. మధ్యలో గుండ్రంగా కాస్త వెలుగు, చుట్టూ అంచులన్నీ నలుపు. ఏదైనా చూడాలంటే లాంతరు దాని మీదకి తిప్పాలి, తిప్పగానే ఇటుపక్కది మాయమవుతుంది. అందరూ ఇది భయంకరమైన ఆట అని రాశారు. నాకు భయమే వెయ్యలేదు. మా ఇంట్లో తిరిగినట్టుంది. ఎందుకంటే నేను లోకాన్ని ఎప్పుడూ అలాగే చూశాను. గొట్టంలోంచి చూసినట్టు. అందరూ అలాగే చూస్తారనుకున్నాను. పక్కనున్నది చూడాలంటే అందరూ తల తిప్పుతారనే అనుకున్నాను... రాశావా?"

"ఆ."

రాసింది. రాసి, తను రాసిన చివరి వాక్యం మళ్ళీ చదువుకుంది. పక్కనున్నది చూడాలంటే తల తిప్పాలి. పొద్దున నీళ్ళ గ్లాసు గుర్తొచ్చింది ఆవిడకి. ఏమీ అనుకోలేదు ఇంకా. కాళ్ళ దగ్గర పిల్లి తిరిగినట్టు, ఏదో మెత్తగా తగిలి పోయింది అంతే.

"నాలుగోది కాకుల ఆట. చేను మధ్యలో దిష్టిబొమ్మ, అన్ని అంచులనుంచీ కాకులు వస్తాయి, వచ్చిన వైపు మీట నొక్కితే ఎగిరిపోతాయి. పసిపిల్లలు ఆడే ఆట. మా షాపులో బట్టలు మడిచే అమ్మాయి మూడు వందలు దాటించింది. నేనెప్పుడూ పది దాటలేదు. 'అదేంటి, అంత మెల్లగా వస్తోంది కదా కాకి, కనబడట్లేదా నీకు' అంది. ఆ రోజు నేను మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అందుకే ఈ ఆట నా నాలుగో ఆట. నాకు నిజం చెప్పినవాళ్ళలో ఇదే మొదటిది."

గుమ్మంలో చప్పుడైంది. డ్రైవరు గారు ఖాకీ చొక్కా తొడుక్కుని, జేబులో మడిచిన కాగితంతో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి వింటున్నాడో.

"నిజం చెప్పిందట నిజం! కళ్ళు తినేసింది అదే. చిన్నప్పటినుంచీ దానికే కళ్ళప్పగించి కూర్చున్నావు. ఇంకా దాని మీద హరికథ చెప్పుకుంటున్నారా తల్లీకూతుళ్ళు? సాయంత్రం వచ్చేటప్పుడు పాత సామాన్లవాణ్ణి వెంటబెట్టుకొస్తాను. ఆ పెట్టె ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

"నాన్నా, డాక్టరు నీ ఎదురుగానే చెప్పాడు కదా, ఆటల వల్ల రాదని. రక్తంలో వస్తుందన్నాడు. మీ ఇంట్లో రేచీకటి ఎవరికైనా ఉందా అని నిన్నే అడిగాడు."

"అడిగాడు. లేదన్నాను. మా వంశంలో ఎవరికీ ఏ రోగమూ లేదు. మా నాన్న డెబ్బై ఏళ్ళొచ్చినా పేపరు చదివాడు. నేను ఏటా డిపోలో కంటి పరీక్షకి వెళ్తాను, గోడ మీద అట్టలో అడుగు వరస దాకా గడగడా చదువుతాను. నాకుందా రేచీకటి?"

"ఎదురుగా ఉన్నది నేను కూడా చదివేదాన్ని నాన్నా, మొన్నటిదాకా."

గడుగ్గాయి తడుముకుంటూ బల్ల మీదనుంచి రిమోటు తీసి, తండ్రి గొంతు వచ్చిన వైపు చాచింది.

"ఒక పని చెయ్యి. కాకుల ఆట ఒక్కసారి ఆడు. ఇరవై కాకుల్ని తోలితే పెట్టె నువ్వే తీసుకెళ్ళి పారెయ్యి. నేను నోరెత్తను."

"నాకిప్పుడు ఆటలాడే తీరికుందా?"

"రెండు నిమిషాలు. బస్సు తోలేవాడివి, కాకుల్ని తోలలేవా?"

పంతం అంటే ఆయన రక్తంలోనే ఉంది. ఇల్లాలు వద్దంటున్నా వినకుండా కుర్చీ లాక్కుని తెర ముందు మూరెడు దూరంలో కూర్చున్నాడు. పచ్చటి చేను, నడుమ గడ్డి బొమ్మ. సంగీతం మొదలైంది.

మొదటి కాకి తిన్నగా పైనుంచి వచ్చింది. తోలేశాడు. "చూశావా!" అన్నాడు. రెండోదీ తోలాడు. మూడోది ఎడమ అంచులో కనబడింది, నెమ్మదిగా, రెక్కలు ఊపుకుంటూ.

"ఎడమ," అంది గడుగ్గాయి. ఆ పిల్ల తెరవైపు తిరిగి కూడా లేదు, కాకి ఏ వైపు అరుస్తోందో చెవితో వింటోంది.

"ఏదీ?"

"అదిగోనండీ, ఆ మూల," అంది ఇల్లాలు. జన్మలో ఆ ఆట ఆడని మనిషికే శుభ్రంగా కనబడుతోంది కాకి.

ఆయన తల ఎడమకి తిప్పాడు. ఆ లోపల కుడివైపునుంచి రెండు వచ్చాయి. అటు తిప్పేసరికి ఎడమది చేల్లో వాలింది. గుడ్లగూబలా తల అటూ ఇటూ తిప్పుతున్నాడు, చొక్కా వెనక చెమట పట్టేసింది. ఆ తిప్పడం ఆవిడకి కొత్త కాదు. ఆయన బస్సు తను ఎప్పుడు ఎక్కినా అలాగే తల తిప్పుతూ తోలేవాడు. ఎంత జాగ్రత్త మా ఆయనకి అని పక్క సీటువాళ్ళతో గొప్పగా చెప్పుకునేది.

తెర మీద పెద్ద అక్షరాలు పడ్డాయి, పంట పోయిందని. ఆయన తోలింది ఏడు కాకుల్ని.

"ఇది చేతికి అలవాటు లేక. స్టీరింగు వేరు, ఇది వేరు," అన్నాడు ఆయన.

ఇల్లాలు ఆయనకి ఎడమపక్కనే నిలబడి ఉంది. తనకే తెలియకుండా చెయ్యి పైకెత్తింది. ఆయన చెవికి కాస్త ముందుగా, ఎవరికైనా కంటి కొసన తెలిసేలా. అరచెయ్యి అంతా తెరిచి, ఊపింది కూడా.

"ఏవండీ. నా చెయ్యి ఎక్కడుంది?"

"ఏ చెయ్యి?" అన్నాడు తెరనే చూస్తూ.

ముప్ఫై ఏళ్ళ కాపురం ఆ రెండు మాటల్లో ఆవిడ కళ్ళముందు తిరిగిపోయింది. అత్తగారింట్లో కాలు పెట్టిన మొదటి వారమే, నీళ్ళబిందె రెండడుగులు పక్కకి జరిపినందుకు పడ్డ తిట్లు. వస్తువు జాగా మారకూడదు. దీపాల వేళకి అందరూ ఇంట్లో ఉండాలి. ఆ ఇంటికి రెండే పద్ధతులు. మామగారు పొద్దు వాలకముందే తిని, మంచమెక్కి, తెల్లారేదాకా దిగేవాడు కాదు. ఎంత క్రమశిక్షణ అనుకుంది. ఇరుగుపొరుగుతో మా వాళ్ళది గడియారం లాంటి ఇల్లు అని చెప్పుకుంది. భర్త ఎప్పుడూ పగటి డ్యూటీలే అడిగి వేయించుకునేవాడు. తెల్లారితే కూస్తాడు, పొద్దుగూకితే గూట్లో ఉంటాడని తోటి డ్రైవర్లు కోడిపుంజు అని పేరు పెడితే, ఇంటిమీద ప్రేమ అని మురిసిపోయింది. అది పద్ధతీ కాదు, ప్రేమా కాదు. కనబడకపోవడం. తరతరాలుగా కనబడకపోవడానికి ఆ ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు పద్ధతి.

డాక్టరు అడిగినప్పుడు తను కూడా లేదనే చెప్పింది. ప్రమాణం చేసినట్టు చెప్పింది.

"ఆ ఆవిడ ఎడమవైపునుంచే కదా నాన్నా వచ్చింది?" అంది గడుగ్గాయి, నెమ్మదిగా.

ఆయన కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "నోరు ముయ్యి! ఇంట్లో కూర్చుని కాకుల ఆటలాడే దానివి, నువ్వు నాకు డ్రైవింగు చెప్తావా? ఇరవై ఎనిమిదేళ్ళు! రెండేళ్ళలో పింఛను. నేను కళ్ళు లేనివాణ్ణని రాసిస్తే రేపటినుంచి మనం ఏం తినాలి? ఈవిడ జాకెట్లు కుట్టి మనిద్దర్నీ పోషిస్తుందా?"

"పోషిస్తాను," అంది ఇల్లాలు. "కానీ మీ కళ్ళు దాచడానికి ఆ కండక్టరు పిల్లల నోట్లో మట్టి కొట్టకండి. మీకు తెలుసు కదండీ. నిజం చెప్పండి, మీకు ముందే తెలుసు కదా?"

ఆయన జేబులో కాగితం ఉందో లేదో తడిమి చూసుకుని, గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో వెతుకుతూ కాసేపు నిలబడి, తొడుక్కుని వెళ్ళిపోయాడు. చెప్పులు అంతసేపూ వాటి జాగాలోనే ఉన్నాయి.

*

టీచరమ్మ జాకెట్టు తీసుకుని, చెయ్యి కాస్త బిగుతైందని గొణిగి వెళ్ళింది. వంట పొయ్యి మీద అడుగంటింది. ఎవరికీ తినాలని లేదు. మధ్యాహ్నం దాటాక గడుగ్గాయి పిలిచింది.

"అమ్మా, అయిదోది రాసేద్దాం. లేకపోతే నేను ఏడుస్తాను."

"చెప్పు."

"ఇది పెట్టెలో ఆట కాదు. సైటువాళ్ళు ఒప్పుకోకపోతే పోనీ. నాకు అయిదేళ్ళప్పుడు నాన్న నేర్పిన ఆట. దీపాలు పెట్టాక, అన్నం తిన్నాక ఆడేవాళ్ళం. కళ్ళు మూసుకోవాలి. మంచం దగ్గర బయల్దేరి, వంటింట్లోకి వెళ్ళి, కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచుకుని, ఒక్క చుక్క ఒలకకుండా తిరిగి మంచం దగ్గరికి రావాలి. అడుగులు లెక్కపెట్టుకోవాలి. కుండ దాకా పదకొండు. మలుపు దగ్గర గోడకి మోచెయ్యి ఆనించాలి. గుమ్మం ఎక్కడుందో పాదం వేళ్ళకి తెలియాలి. నేను దొంగతనంగా కళ్ళు తెరిచేదాన్ని, నాన్న అస్సలు తెరిచేవాడు కాదు. ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు. ఒక్కసారి కూడా నన్ను కావాలని గెలవనివ్వలేదు. బాగా నేర్చుకో, బాగా నేర్చుకో అనేవాడు. ఇంత కచ్చితంగా తయారుచేసిన ఆట నేను ఇంకొకటి చూడలేదు. ఇప్పుడు నేను ఈ ఇంట్లో గోడకి గుద్దుకోకుండా తిరుగుతున్నానంటే..."

పెన్ను ఆగిపోయింది. తల్లీ కూతురూ ఒకేసారి ఒకే చోటికి వచ్చారు.

"అమ్మా," అంది గడుగ్గాయి. "ఆయన ఆడలేదమ్మా. నాకు నేర్పాడు. నాకు వస్తుందేమోనని అప్పుడే భయపడ్డాడు."

కొలతల పుస్తకం మీద పడ్డ చుక్కకి 'పదకొండు' అన్న మాట అలుక్కుపోయింది. ఇల్లాలు కొంగుతో అద్దింది గానీ అది ఇంకా పాడైంది. పంతొమ్మిదేళ్ళ కిందట ఈ ఆట చూసి, తండ్రికి పనీపాటా లేదని నవ్వింది తనే.

*

పొద్దు వాలింది. వీధి దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. డ్రైవరు గారు రాలేదు.

ముప్ఫై ఏళ్ళలో అది మొదటిసారి. ఇల్లాలు గుమ్మంలో ఒక పావుగంట నిలబడింది. ఇక ఉండలేక, "నువ్వు తలుపేసుకో, నేను వస్తాను" అని కూతురికి చెప్పి, టార్చి తీసుకుని బస్టాపుకి నడిచింది. దారిలో రకరకాల ఆలోచనలు వచ్చాయి. అవి రాయకపోవడమే మంచిది.

ఆయన స్టాపులో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా తిన్నగా ఎదురుగా చూస్తున్నాడు. మనుషులు ఆయన ముందునుంచే పోతున్నారు. ఆవిడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డా తల ఎత్తలేదు.

"ఏవండీ."

ఆ గొంతు వినగానే ఆయన మొహం ముడుచుకుపోయింది. చెయ్యి గాల్లోకి చాచాడు, ఆవిడ ఉన్న వైపు కాదు, ఇంకోవైపు.

"నాకు కనబడట్లేదే," అన్నాడు. "బస్సు దిగి గంటైంది. ఎటు నడవాలో తెలియలేదు. చెయ్యి ఇవ్వు."

ఎన్నేళ్ళుగా గొంతులో అడ్డంపడి ఉందో ఆ మాట. ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. ఆయన అక్కడే అన్నీ చెప్పేశాడు. కాగితం చింపేసి, వేరే కాగితం మీద రాసిచ్చాడట. పక్కనున్నది నాకు కనబడదు, కొన్నేళ్ళనుంచీ కనబడదు, కండక్టరు తప్పు లేదు, అని. అధికారులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారట. ఖాకీ చొక్కా ఇకమీదట వద్దన్నారు. పింఛను వస్తుందో రాదో, కేసు ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. కండక్టరుని రేపటినుంచి రమ్మన్నారు. వాడు బయట వరండాలో ఎదురుపడి, మొహం తిప్పుకుని పోయాడు.

"ఆసుపత్రికి కూడా వెళ్ళాను. ఆవిడకి చెప్పాను, తప్పు నాదేనని. ఆవిడ గోడవైపు తిరిగింది. 'చెప్తే నా కాలు లేస్తుందా?' అంది."

ఇల్లాలికి ఆ రాత్రి గుర్తొచ్చింది. ఆ ఆవిడ తుంటి విరిగిన రోజున ఈ మనిషి సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు, తను వడ్డించింది.

"నాకు ముందే తెలుసా అని అడిగావు కదా పొద్దున," అన్నాడు ఆయన. "మా నాన్న నాతో ఆడేవాడు నీళ్ళ ఆట. ఆట అనే చెప్పాడు. పెద్దయ్యాక ఒక చీకటి పూట నాకు గుమ్మం కనబడనప్పుడు తెలిసింది అదేం ఆటో. నేను మన పిల్లకీ ఆట అనే చెప్పాను. నోటితో అంటే నిజమైపోతుందని భయం. డాక్టరు అడిగినప్పుడు కూడా అదే భయం. పెట్టెని తిడుతూ కూర్చుంటే, తప్పు పెట్టెది అవుతుంది కదా. నాది కాకుండా పోతుంది కదా."

ఆయన ఏడ్చాడు. ఆవిడ కూడా ఏడ్చింది. స్టాపులో నిలబడ్డవాళ్ళు చూసీ చూడనట్టు బస్సు కోసం చూశారు.

లేచి నడిచారు. ఆవిడ టార్చి ముందుకి వేస్తూ, గుంటలొచ్చిన చోట చెయ్యి నొక్కుతూ తీసుకొచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన ఆమె చెయ్యి వదిలేసి, ఇంట్లో తనకి సాయం అక్కర్లేదన్నట్టు నాలుగడుగులు తిన్నగా వేశాడు. నాలుగో అడుగుకి ఢామ్మని స్టూలుకి గుద్దుకున్నాడు. మధ్యాహ్నం పైన అరలోంచి నీళ్ళ ఆట ఆడిన పాత గ్లాసు దించడానికి ఎక్కి, ఇల్లాలే దాన్ని అక్కడ మర్చిపోయింది.

ఆవిడ తిట్టు కోసం ఎదురుచూసింది. తిట్టు రాలేదు.

లోపలి గదినుంచి గడుగ్గాయి గొంతు వినబడింది. "ఓడిపోయావు నాన్నా. నాలుగడుగులకే ఓడిపోయావు."

ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చి నిలబడింది. చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది, నిండుగా. పదకొండు అడుగులు వెళ్ళి, పదకొండు వచ్చి, తండ్రి దప్పికతో వస్తాడని తెచ్చి పెట్టుకుంది. ఆయన గొంతు వినబడిన వైపు చాచింది. ఆయన కూడా చాచాడు. రెండు చేతులూ గాల్లో ఒకదాన్నొకటి దాటిపోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ తడుముకుని, గ్లాసు దగ్గర కలిశాయి. నీళ్ళు సగం ఒలికిపోయాయి.

"నన్ను క్షమించమ్మా," అన్నాడు ఆయన. "లేదన్నాను. ఉందని చెప్పి ఉంటే నిన్ను చిన్నప్పుడే చూపించేవాళ్ళం. కాస్త ఆగేదో ఏమో."

"ఆగేది కాదు నాన్నా, డాక్టరే చెప్పాడు. కానీ నాకు ఒంటరిగా ఉండేది కాదు." అంది గడుగ్గాయి. "ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నాకొక్కదానికే అనుకున్నాను."

ఆయన మిగిలిన సగం నీళ్ళు తాగాడు. మింగుతుంటే చప్పుడు గదంతా వినబడింది.

ఇల్లాలు కళ్ళు తుడుచుకుని, నేల మీద ఒలికిన నీళ్ళు తుడిచింది. తుడవకపోతే ఇద్దరిలో ఎవరో ఒకరు జారిపడతారు. తర్వాత కొలతల పుస్తకం తెరిచి, అయిదో ఆట కింద అసంపూర్తిగా ఆగిన వాక్యం ఏం రాయమంటావని కూతుర్ని అడుగుదామనుకుంది. ఇప్పుడు కాదులే, రేపు అడగొచ్చు. స్టూలు రెండు చేతులతో ఎత్తి, ఎవరూ చెప్పకుండానే, గోడవార దాని జాగాలో పెట్టింది.